సువార్తమ్మ అడిగిన సూది

2023 మార్చి. చిలకలూరిపేటలో నా క్లినిక్. మిరప కోతలు జోరుమీదున్న రోజులు. ఆ కాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది తుమ్ముతూనే లోపలికి వస్తారు.

సువార్తమ్మది దర్శి దగ్గర పల్లె. యాభై ఏళ్లుంటాయి. మిరప కోతలకి ఇటొచ్చిన ఆడకూలీల ముఠాకి పెద్ద.

“డాక్టరమ్మా, నాకు పరీక్షలేం వద్దు. మా ఊళ్లో వేసే ఎలర్జీ సూది వేసెయ్యండి. రేపు పొద్దున్నే చేలో ఉండాలి” అంది కూర్చోకుండానే.

మూడేళ్లుగా కడుపునొప్పి, విరేచనాలు, ఒళ్లంతా దురద, ఛాతీలో పిల్లికూతలు. మిరప ఘాటు పడట్లేదు, పని మానెయ్యమని అందరూ అంటున్నారట. సూది వేయించుకుంటే దురద తగ్గుతోంది కానీ, కడుపు ఇంకా పాడవుతోందట. ఆ మాట నాకు తేడాగా అనిపించింది. ఊళ్లలో ఎలర్జీ సూది అంటే చాలాసార్లు స్టెరాయిడే, ఒంటి రక్షణని అణిచే మందు.

బతిమాలి రక్తపరీక్ష చేయించాను. ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు వందలో అయిదారుకు మించకూడదు. ఆమెకి ముప్పై దాటాయి. ఎలర్జీకీ పెరుగుతాయి. కానీ ఒంట్లో చేరిన పురుగులతో పోరాడటం కూడా వాటి పనే.

మైక్రోస్కోపులో ఆమెకే చూపించాను.

“దానిమ్మ గింజల్లా ఉన్నాయే! నావేనా?”

“మీవే. లోపల ఎవరితోనో పోట్లాడుతున్నాయి. సూది వేస్తే ఇవి పడుకుంటాయి. అవతలివాడు పడుకోడు.”

“మూడేళ్లు పోట్లాడి గెలవకపోతే ఎందుకమ్మా ఇవి?”

మంచి ప్రశ్నే. కొన్ని పురుగులు పేగు గోడలో దాక్కుని, అక్కడే పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు మళ్లీ ఒంట్లోకే దూరతాయి. కణాలు వాటిని అదుపులో ఉంచగలవు, పూర్తిగా తరమలేవు. ఆగని ఆ పోరులో పేగు కూడా దెబ్బతింటుంది.

మొదటి మలపరీక్షలో ఏమీ కనబడలేదు. ఈ పురుగులు ప్రతిసారీ దొరకవు, అందుకే మళ్లీ తెమ్మన్నాను.

“మళ్లీనా? మా ముఠావాళ్లు ఆ డబ్బా చూసి పచ్చడేమో అనుకున్నారు!” అని పగలబడి నవ్వింది. అయినా తెచ్చింది.

ఈసారి ల్యాబ్‌లోంచి టెక్నీషియన్ బాషా కేకేశాడు. “మేడమ్, కదులుతోంది!”

స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు పిల్ల. తడి మట్టిలో చెప్పుల్లేకుండా నడిస్తే చర్మం గుండా ఒంట్లోకి దూరి, ఊపిరితిత్తుల మీదుగా పేగుకి చేరుతుంది. అందుకే ఆ దురద, ఆ పిల్లికూతలు. స్టెరాయిడ్‌తో కణాలు అణగిపోతే ఇది ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. మరో సూది పడకముందే దొరికినందుకు నా గుండె కుదుటపడింది.

సువార్తమ్మ మైక్రోస్కోపులోకి వంగి చూసింది. “ఏరా, నా కూడు తింటా నామీదే పడతావా? నీ పని చెప్తా ఉండు!” అంది. బాషా నవ్వాపుకోలేక బయటికెళ్లాడు.

ఐవర్‌మెక్టిన్ మాత్రలు ఇచ్చాను. కొన్ని వారాలకు కడుపు కుదురుకుంది, దురద పోయింది, పిల్లికూతలు ఆగాయి, కణాల లెక్క దిగుతూ వచ్చింది. పని మానాల్సిన అవసరమే రాలేదు. తర్వాత వచ్చినప్పుడు ముఠాలో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది.

“వీళ్లకీ కడుపునొప్పేనమ్మా. మేం ఇప్పుడు చెప్పుల్లేకుండా చేలో దిగట్లా. దిగేవాళ్లకి ఆ పురుగెట్టా కదిలిందో నేనే ఆడి చూపిస్తన్నా.”

ఇసినోఫిల్స్ పెరిగితే వాటిని అణిచే ముందు, అవి ఎవరిమీద లేచాయో చూడాలని ఆమె కేసుతో నాకు బాగా తెలిసొచ్చింది. ఇప్పుడు కోతల కాలంలో పిల్లికూతలతో ఎవరొచ్చినా, స్టెరాయిడ్ రాసేముందు నేనడిగే మొదటి మాట: “కడుపెలా ఉంది?”