పక్కింటి గొంతు

పదిహేనేళ్లుగా ఒక మంచిపేరు మోస్తున్నాను. అది నాకు తగినది కాదు. ఈరోజు మీ ముందు దించుతున్నాను. జాలిపడకండి.

అప్పుడు పాన్‌గల్‌లో ఉండేదాన్ని, కడుపుతో ఐదో నెల. సెల్‌ఫోన్లు ఇంటింటికీ వస్తున్న కాలం. బుధవారం మధ్యాహ్నాలు వనపర్తి నుంచి ఒక నర్సమ్మ నాతో కలిపి ఆరుగురు గర్భిణులను ఒకే కాల్‌లో కలిపేది. ఏం తినాలో, ఎప్పుడు దవాఖానకు పరుగెత్తాలో చెప్పేది. తర్వాత మనసులో మాట చెప్పుకోమనేది. పేర్లు చెప్పకూడదు, విన్నది బయటపెట్టకూడదు.

డిగ్రీ చదివినదాన్ని. వాంతులకూ, అత్తలకూ ఏడ్చే ఆ ఆడవాళ్లంటే నాకు వెగటు. అయినా ఒక్క బుధవారం వదల్లేదు. ఎందుకు? వాళ్లకంటే నేను మేలని వారం వారం తెలుసుకోవడానికేనేమో.

ఒకరోజు ఒక గొంతు అంది: "కడుపుల బిడ్డ మీద నాకు పాణం గుంజుతలేదమ్మా. మొదటి బిడ్డ సచ్చిపోయినకాంచి గిట్లనే ఉంది. భయమైతుంది."

ఆ గొంతు వెనక పిండిగిర్ని మోగుతోంది. అదే మోత నా కిటికీలోంచి కూడా వస్తోంది. పక్కింటి షాహీన్!

సాయంత్రం ఆమె అత్తకు గోడ మీదుగా నవ్వుతూ చెప్పేశాను. "చాచీ, మీ కోడలికి బిడ్డ ఒద్దంట. నేను చెప్పిన్నని మాత్రం అనకుండ్రి."

భయమని ఆమె అన్నది. వద్దని నేనన్నాను. ఆ ఒక్క మాట మార్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. అది గుర్తొచ్చినప్పుడల్లా నా ముఖాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

షాహీన్ ఫోన్ లాక్కున్నారు. రెండు రోజులకు దొడ్డిదారిన నా దగ్గరికొచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఎవరు చెప్పిన్రో తెల్వదక్కా. ఎవరై ఉంటరు?"

"ఇంకెవరు? ఆ నర్సమ్మనే."

తల కూడా నిమిరాను.

ఆ మాట చెవిన పడి ఆమె భర్త వనపర్తి వెళ్లి గొడవ చేశాడు. నర్సమ్మను తీసేశారు. బుధవారాలు ఆగిపోయాయి. మిగతా నలుగురూ ఎవరితో చెప్పుకున్నారో, అసలు చెప్పుకున్నారో లేదో. షాహీన్‌కు ఆడపిల్ల పుట్టింది. పాప ఏడ్చినప్పుడల్లా అత్త అనేది: "నిన్ను ఒద్దన్నది మీ అమ్మనే." గోడ ఇవతల నేను వినేదాన్ని. ఒక్కసారైనా నోరు విప్పానా?

ఇప్పటికీ ప్రతి రంజాన్‌కు షాహీన్ షీర్‌ఖుర్మా తెస్తుంది. "ఆ దినం నువ్వు లేకుంటే నేనేమైపోదునో అక్కా," అంటుంది. గిన్నె ఖాళీ చేసి, కడిగి ఇస్తాను.

ఆమెకు చెప్పను. అంత ధైర్యం ఉంటే ఈ రాత ఎందుకు? మీ ముఖం నాకు తెలియదు కాబట్టి రాశాను. నర్సమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. ఈ రెండు ముక్కలూ రాశాక గుండె కాస్త తేలికైంది. అంతకుమించి నాకేమీ రాదు, రాకూడదు.