సైలెన్సర్ లేని ట్రాక్టరు మీద నర్సింగం

కోనరావుపేట పొలాల్లో నర్సింగం ట్రాక్టరు దిగిందంటే గట్టు మీది బర్రెలు తాళ్లు తెంపుకునేవి. ఆ ట్రాక్టరు రవీందర్ పటేలుది, నర్సింగం జీతానికి నడిపేవాడు. సైలెన్సర్ పీకించి బోడి గొట్టం పెట్టించిందీ ఆయనే. పొగకు అడ్డం లేకపోతే ఇంజన్ బాగా గుంజుతుందని ఆయన నమ్మకం. ఆ గొట్టం డ్రైవరు మొహానికి ఎదురుగానే ఉంటుంది.

ఆ మోతకు కొన్నేళ్లలో నర్సింగం చెవులు పోయాయి. గుంట భూమి లేనివాడు. చెవుడని తెలిస్తే స్టీరింగు ఇంకొకడి చేతికి పోతుంది. అందుకని ఎవరేమన్నా తలూపి ‘సరే’ అనడం నేర్చుకున్నాడు. ఇంట్లో కూడా చెప్పలేదు. పెదాలు చూసి నెట్టుకొచ్చాడు.

ఒకరోజు నాట్లకు బురద దున్నుతుంటే జేబులో ఫోన్ వణికింది. బిడ్డ విజయ. జగిత్యాల నర్సింగ్ కాలేజీలో చేరడానికి అదే ఆఖరు రోజు. బస్సెక్కిన సంగతి చెబుతోందనుకున్నాడు. గట్టు మీద పటేలు నిలబడి చూస్తున్నాడు, ఎత్తకపోతే చెవుల సంగతి బయటపడుతుంది. ఫోన్ చెవికి కాసేపు ఆనించి, “సరే బిడ్డా, గట్లనే కానియ్, పైలం” అన్నాడు.

పొద్దుగూకి ఇంటికొస్తే విజయ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల్లి రాజక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏమైందని అడిగితే విజయ తలెత్తి చెప్పింది. అమ్మ నడుము పట్టేసి బీడీలు చుట్టడానికి కూర్చోలేకపోతోందని, చదువు మానేసి ఆ పని తనే చెయ్యాలా అని ఫోన్లో అడిగిందట. సరే అన్నాడు కదా, కాలేజీకి రానని చెప్పేసిందట. సీటు ఇంకో పిల్లకు ఇచ్చేశారట.

నర్సింగం గడపలోనే నిలబడి చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. “నాకు ఇనబడలే బిడ్డా. శానా రోజులాయె, ఏమీ ఇనబడ్తలేదు.”

విజయ చాట పక్కన పెట్టింది. “నువ్వు వద్దంటవని ఫోన్ చేసిన బాపు. తిట్టి బస్సెక్కుమంటవనుకున్న.”

తెల్లారి అతను పటేలు దగ్గరికి పోయి, తన చెవులు పోయాయని, సైలెన్సర్ బిగిస్తేనే బండెక్కుతానని చెప్పాడు. పటేలు కోప్పడలేదు. “చెవుడు పెట్టుకొని నా బండి నడిపినవా? ఎవడన్న కింద పడితే నా గతేంది?” అని తాళం తీసుకున్నాడు. మోత చేస్తున్నాయని రోడ్డు మీద పోరగాళ్ల బైకులాపి గొట్టాలు పీకే పోలీసులు ఆ పొలాల వైపు ఏనాడూ రాలేదు.

ఇప్పుడు ఆ బండి చందుర్తి ఊరి అంజి నడుపుతున్నాడు. గొట్టం బోడిగానే ఉంది. నర్సింగం ఇంట్లో బీడీలకు తునికాకు కత్తిరిస్తాడు, విజయ చుడుతుంది. తండ్రితో మాట్లాడాలంటే చెయ్యి ఆపి తలెత్తాలి. ఆపితే చాట నిండదు. అందుకని పొద్దంతా ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, మాట్లాడుకోరు.