పక్కపక్కన ఇసుక ఇడ్లీలు

పోయినేడాది జూన్ నెల. బడులు తెరిచారు కానీ ఎండలు ఇంకా తగ్గలేదు. తిరువూరులో బస్టాండు వెనక సందులో పాత పెంకుటిల్లు ఒకటి అద్దెకు తీసుకుని నేను ప్లే స్కూలు నడుపుతున్నాను. చాలా ఏళ్ళుగా ఇదే పని. ముందు గది పాటలకి, వెనక గది నిద్రకి, పక్క వరండాలో ఇసుక తొట్టి. రెండేళ్ళు దాటిన వాళ్ళ నుంచి నాలుగేళ్ళ వాళ్ళ దాకా వస్తారు. బట్టల కొట్ల వాళ్ళ పిల్లలు, టీచర్ల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో వచ్చే పిల్లలు. ముక్కులు తుడవడం, తడిసిన నిక్కర్లు మార్చడం, ఏడ్చేవాళ్ళని చంకనేసుకుని తిరగడం. నా పని గురించి ఎవరైనా మరీ గొప్పగా మాట్లాడితే ముందు ఇవి చెప్పి గాలి తీసేస్తాను. కానీ ఈ పనిలోనే నేను మర్చిపోలేని రోజు కూడా ఒకటుంది.

ఆ జూన్‌లో అభి అనే పిల్లవాడు చేరాడు. రెండున్నరేళ్ళుంటాయి. వాళ్ళమ్మ లావణ్య గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది. పొద్దున్నే స్కూటీ మీద వాణ్ణి నా దగ్గర దించి ఎ.కొండూరు వెళ్తుంది. మొదటి వారమంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. దీన్ని మేం సెట్లింగ్ టైమ్ అంటాం, అంటే కొత్త చోటుకి, కొత్త మొహాలకి అలవాటుపడే రోజులు. ఆ తర్వాత ఇసుక తొట్టి వాడి కంటపడింది. అక్కడ అప్పటికే రూతు అని, అదే వయసు పిల్ల, ఆటో నడిపే ఆయన కూతురు, రోజూ కూర్చునేది. అభి వెళ్ళి ఆ పిల్ల పక్కన చతికిలపడ్డాడు. అంతే, ఇక రోజూ అక్కడే. తడి ఇసుకని కొబ్బరి చిప్పలో కూరడం, బోర్లించడం, పైన తట్టడం, తీస్తే ఇడ్లీ. ఇద్దరిదీ అదే పని. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. వీడి వీపు సగం అటు, ఆ పిల్ల వీపు సగం ఇటు.

ఒక సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక కూడా లావణ్య కదల్లేదు. అభిని చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడింది.

"మేడమ్, వీడు ఎవరితోనన్నా కలుస్తున్నాడా?"

"రోజూ రూతు పక్కన కూర్చుని ఆడుకుంటున్నాడమ్మా."

"పక్కన కాదు మేడమ్. కలిసి."

అప్పుడు అసలు విషయం చెప్పింది. వేసవిలో బంధువుల పెళ్ళికి వెళ్ళారట. పిల్లలందరూ షామియానా కింద పరుగులు పెడుతుంటే వీడు ఒక మూల కూర్చుని ప్లాస్టిక్ ప్లేటు తిప్పుకుంటూ ఉన్నాడట. ఎవరో ఆవిడ, "మీ వాడు ఎవరితోనూ కలవడేంటి?" అంది. ఆ మాట లావణ్య అత్తగారు రాఘవమ్మగారికి ముల్లులా గుచ్చుకుంది. ఆ పైన ఫోన్లో పిల్లల జబ్బుల వీడియోలు చూడటం మొదలుపెట్టారు. తల్లి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దగ్గర లేకపోబట్టే పిల్లవాడు ఇలా తయారయ్యాడని, ఉద్యోగం మానేయమని ఒకటే పోరు.

"ఆయన వాళ్ళమ్మ మాట కాదనరు మేడమ్. ఆ ఉద్యోగం కోసం నేను ఎంత చదివానో నాకు తెలుసు. గురువారం అత్తయ్య తనే వచ్చి కళ్ళారా చూస్తానంటున్నారు. వీడు ఎవరితోనూ కలవట్లేదని అనిపిస్తే మానేయాల్సిందే." గొంతు తగ్గించింది. "ఆవిడ ఉన్నంతసేపూ వీణ్ణి ఎవరితోనన్నా కలిపి ఆడించరూ? చేతులు పట్టించి రింగా రింగా అయినా సరే."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను నడిపేది ప్లే స్కూలా, సినిమా షూటింగా అమ్మా?" అనేశాను. లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయ్యో, అనవసరంగా అన్నానే అనిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

ఉన్న సంగతి చెప్పాను. మా పనిలో దీన్ని పేరలల్ ప్లే అంటారు. ఆ వయసు పిల్లలు ఎక్కువగా ఒకరి పక్కన ఒకరు ఆడుకుంటారు. బొమ్మలు పంచుకోరు, మాట కలపరు, పక్కవాళ్ళ ఆటలో వేలు పెట్టరు. చూసేవాళ్ళకి ఎవరి గోల వాళ్ళదే అనిపిస్తుంది. కలిసి ఆడటం తర్వాత మెల్లగా అదే వస్తుంది. అలాగని నేను ప్రతిదాన్నీ వయసు మీదకి నెట్టేసే మనిషిని కాను. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, కొత్తదేదన్నా దొరికితే పట్టుకొచ్చి మనకి చూపిస్తున్నాడా, ఇవన్నీ కనిపెట్టి చూస్తాను. తేడా ఉంటే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళమని మొహమాటం లేకుండా చెప్తాను. అభి ఇవన్నీ చేస్తున్నాడు. ఇంట్లో అయితే వాగుడుకాయట.

"ఈ మాటలు మా అత్తయ్య వినరు మేడమ్," అంది లావణ్య. "ఆవిడకి కంటికి కనపడాలి."

గురువారం రాఘవమ్మగారు వచ్చారు. ఆకుపచ్చ నేత చీర, చేతిసంచిలో మనవడికి జంతికలు. గయ్యాళి మనిషేమో అనుకున్నాను కానీ, కాదు. మొహం నిండా భయం. రాత్రి నిద్రపోయినట్టు కూడా లేరు. వరండాలో కుర్చీ వేశాను. అభి ఒకసారి నాయనమ్మని చూసి నవ్వి, మళ్ళీ ఇసుకలో పడ్డాడు.

ఆవిడ చాలాసేపు ఓపిగ్గానే చూశారు. ఆ తర్వాత నిట్టూర్చారు. "ఎంతసేపట్నుంచో చూస్తున్నా టీచరుగారూ. ఒక్కసారి మొహాలు చూసుకోలా. పక్కన మనిషుందో మాను ఉందో కూడా వీడికి పట్టలా."

నేను బదులు చెప్పేలోపే మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగారు. అభి చేతిలో నున్నటి నల్ల చిప్ప ఒకటుంటుంది, వాడికి అదంటే ప్రాణం. దాన్ని తీసి రూతు చేతిలో పెట్టారు. "పాపకి ఇవ్వరా నాన్నా, ఇద్దరూ కలిసి ఆడుకోవాలి. ఏదీ, షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి," అంటూ ఇద్దరి చేతులూ పట్టి కలిపారు.

వరండా దద్దరిల్లింది. అభి వెనక్కి గుంజుకున్న విసురుకి వాడి మోకాలు పడి రూతు చేసుకున్న ఇడ్లీ కాస్తా చితికిపోయింది. ఇద్దరూ గుక్కపట్టి ఏడుపు. వాడు వెళ్ళి గోడకి అతుక్కున్నాడు, ఆ పిల్ల స్తంభం వెనక చేరింది. రాఘవమ్మగారు మట్టి చేతులతో అలాగే నేల మీద కూర్చుండిపోయారు.

"నేను చెప్పలా? వీడికి మనిషి పొడ గిట్టదమ్మా," అన్నారు. సంచిలోంచి ఫోన్ తీశారు. "ఇప్పుడే చెప్పేస్తాను దానికి. రేపట్నుంచి ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు."

"ఆ ఫోన్ కాసేపు పక్కన పెట్టండి," అన్నాను, ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంటూ. "నా మాట విని ఊరికే కూర్చోండి. పిలవొద్దు, ఊరుకోబెట్టొద్దు. ఇద్దరూ మన కళ్ళ ముందే ఉన్నారు, ఏం కాదు."

గట్టిగానే అన్నాను కానీ, ఏం జరుగుతుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ రోజుకి ఇద్దరూ ఇసుక మొహం చూడకపోయినా చూడకపోవచ్చు.

ముందు రూతు ఏడుపు ఆగింది. లంగాతో ముక్కు తుడుచుకుంది. మెల్లగా తొట్టి దగ్గరికి వచ్చి తన చోట్లో కూర్చుంది. నల్ల చిప్ప ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. ఒకసారి దానివంక చూసుకుంది. అంత ముద్దొచ్చే చిప్ప, ఇక తనదే, అడిగేవాళ్ళు లేరు. రూతు వెనక్కి తిరగలేదు, అభి వంక చూడలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి, రోజూ వాడు కూర్చునే చోట ఆ చిప్పని పెట్టేసింది. పెట్టేసి తన చిప్ప తీసుకుని ఇసుక కూరి తట్టడం మొదలెట్టింది.

ఆ చప్పుడుకి గోడ దగ్గర అభి తల ఎత్తాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కాస్త ముందుకి జరిగాడు. ఆగాడు. మళ్ళీ జరిగాడు. అలా జరిగి జరిగి వచ్చి, ఆ పిల్లకి సగం వీపు పెట్టి తన చోట్లో కూర్చున్నాడు. నల్ల చిప్ప తీసుకున్నాడు. ఆ పిల్ల తడితే వీడు తట్టాడు. ఆ పిల్ల ఆగితే వీడూ ఆగాడు. ఆ పిల్ల మళ్ళీ తట్టేదాకా వీడి చెయ్యి అలా గాల్లోనే ఉంది.

వాడు చిప్ప బోర్లించిన చోటు చూసేసరికి నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను. తన ముందు కాదు, చెయ్యి చాచి, ఇందాక రూతు ఇడ్లీ చితికిపోయిన చోట బోర్లించాడు. కావాలని పెట్టాడో, చెయ్యి అందిన చోట పెట్టాడో వాడికే తెలియాలి. రూతు ఆ ఇడ్లీని చూసింది. తన ఇడ్లీ తెచ్చి దాని పక్కనే పెట్టింది. అప్పటికీ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

రాఘవమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ చేతికున్న ఇసుక నా చేతికి అంటుకుంది.

"ఆ పిల్ల వీడి వంక చూడనన్నా చూడలేదు కదమ్మా. చిప్ప వీడిదని ఎట్లా గుర్తుపెట్టుకుంది?"

"ఎప్పట్నుంచి చూసుకుంటుందో ఏమోనండి. మనకే కనపడలేదు."

ఆవిడ ఆ రెండు ఇడ్లీల వంక చూశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఆ పెళ్ళిలో కూడా వీడి పక్కన ఇంకో బుడ్డది ఉందండీ. అదీ ప్లేటు తిప్పుతానే ఉంది. నేనే, వీడు ఒంటరిగా ఉన్నాడనుకుని, ఎత్తుకొచ్చి ఆ పరుగెత్తే పిల్లల్లో నిలబెట్టాను. ఏడిచాడు వెధవ. అప్పుడు కూడా వీడిదే తప్పనుకున్నాను."

పేరలల్ ప్లే గురించి నేను ట్రైనింగ్‌లో చదివాను, తల్లిదండ్రులకి ఎన్నోసార్లు చెప్పాను. అది కలిసి ఆడటానికి ముందు వచ్చే మెట్టు అనే చెప్పేదాన్ని, అంటే ఇంకా ఏదో రావాల్సి ఉందన్నట్టు. ఆ రోజు చూశాక అలా చెప్పడం మానేశాను. ఇంకా మనసులో మాట విడమరిచి చెప్పలేని పిల్లలు, ఎవరి వస్తువు ఏదో, ఎవరి చోటు ఏదో, ఎవరికి నష్టం జరిగిందో కనిపెట్టుకునే ఉంటారు. పెద్దవాళ్ళం మేం చెడగొడితే, మా సాయం లేకుండా వాళ్ళే సరిచేసుకున్నారు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు అలా పక్కపక్కన కూర్చుని కనపడితే, నేను ఆ దరిదాపుల్లో గొంతు ఎత్తను. ఎవరి చేతులూ కలపబోను.

మేం అలా నేల మీద కూర్చుని ఉండగానే గేటు చప్పుడైంది. లావణ్య. ఆఫీసులో నిలవలేక పర్మిషన్ పెట్టి వచ్చేసిందట. హెల్మెట్ చేత్తో పట్టుకుని, మొహం పాలిపోయి, మెట్ల దగ్గరే ఆగిపోయింది. అత్తగారు నేల మీద, చేతుల నిండా మట్టి. పక్కన ఫోన్.

"ఏమైంది అత్తయ్యా?"

"ష్," అన్నారు రాఘవమ్మగారు, నోటి మీద వేలేసుకుని. "ఏం కాలా. ఆడుకుంటున్నారు."

లావణ్య కదల్లేదు. ఆవిడ కోడలిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూశారు.

"ఇంత ఎండలో పడి ఎందుకొచ్చావ్? ఆఫీసు లేదా నీకు?"

లావణ్య నా వంక చూసింది. నేను తలూపాను. హెల్మెట్ మళ్ళీ తలకి పెట్టుకుని అద్దం దించుకుంది. స్కూటీ స్టార్ట్ చేయడానికి లావణ్యకి చాలాసేపు పట్టింది. అద్దం వెనక ఏడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.