వెనకాల వస్తుందని చెప్పిన అక్క

మా అమ్మాయిని మొదటిసారి ఇంటికి తెచ్చుకున్న రోజు, డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో తను చాలాసేపు నేలమీద కూర్చుండిపోయింది. సామాన్లు తీసుకున్నవాళ్ళు బయటికి వచ్చే తలుపుకు ఎదురుగా, కొత్త స్వెటర్లో, కాళ్ళు చాపుకుని. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచి చూసేది. ఎవరో సూట్‌కేసు లాక్కుంటూ వచ్చేవారు. తలుపు మళ్ళీ మూసుకునేది.

"లే బిడ్డా, ఇంటికి పోదాం," అన్నాను.

"అక్క రాలేదు కదేటి," అంది.

అప్పటికి తనకు ఐదేళ్ళు. మాది వరంగల్ వైపు. తను పెరిగింది శ్రీకాకుళం వైపు ఒక చిన్న పట్నంలోని పిల్లల ఆశ్రమంలో. మా ఆయన నా ముఖం చూసి, "ఏ అక్క? ఆ పెద్దపిల్లనా?" అని అడిగారు. నేను సామాన్ల బండి పక్కకు జరిపాను. ఆ అక్క వెనక విమానంలో వస్తుందని పిల్లకు చెప్పింది నేనే.

మేము జర్మనీకి బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చాం, ముందు ఆయన, ఏడాది తర్వాత నేను. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. పిల్లల కోసం డాక్టర్ల చుట్టూ తిరిగి అలసిపోయాక దత్తతకు దరఖాస్తు పెట్టాం. ఇల్లు చూడటానికి దత్తత ఆఫీసు నుంచి ఒకావిడ మూడుసార్లు వచ్చింది. చివరిసారి వచ్చినప్పుడు ఒక మాట అడిగింది. "ఆ వయసు పిల్ల ఒంటరిగా రాదు. మనసులో ఎవరినో ఒకరిని వెంట తెచ్చుకుంటుంది. వాళ్ళకూ ఈ ఇంట్లో చోటుంటుందా?" ఉంటుందని జర్మన్‌లో చెప్పాను. నేను అప్పుడే బి-వన్ భాషా పరీక్ష పాసయ్యాను. వాక్యం తప్పు లేకుండా వచ్చిందని సంతోషపడ్డాను తప్ప, ఏ మాట ఇచ్చానో ఆలోచించలేదు.

ఆశ్రమంలో పిల్లను మా ముందుకు తీసుకొచ్చింది పదేళ్ళ పెద్దపిల్ల. సన్నగా, పొడుగ్గా ఉంది. పిల్లకు నూనె రాసి, బిగించి రెండు జడలు వేసింది. మేము పిల్లను ఏం అడిగినా తనే బదులు చెప్పింది.

"పాలు తాగదండి. పెరుగైతే తింటాది. సెవి నొప్పొస్తే ఏడవదు. సెవి పట్టుకుని నిలబడుంటాది, అంతే. మనమే సూసుకోవాలి."

అన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. నేను రాసుకుంటుంటే ఆ పిల్ల ఆగి ఆగి చెప్పింది, ఏదీ తప్పిపోకూడదన్నట్టు.

వార్డెన్ మమ్మల్ని పక్కకు పిలిచింది. "ఇద్దరికీ రక్తసంబంధం లేదండి. కాగితాల్లో ఎక్కడా ఉండదు. ఇది నెలల పిల్లగా వచ్చినప్పట్నుంచి ఎత్తుకుని పెంచింది మాత్రం ఆ పిల్లే. ఇద్దరినీ తీసుకునే ఉద్దేశం ఉంటే రెండో దరఖాస్తు పెట్టుకోవచ్చు. చెప్పడం నా బాధ్యత కనక చెబుతున్నాను."

ఆలోచిస్తామన్నాం. లాడ్జికి తిరిగొచ్చాక మా ఆయనే మొదలుపెట్టారు. "పదేండ్ల పిల్ల మనల్ని అమ్మా నాన్నా అని పిలుస్తదా? ఉన్నవి రెండు రూములు. ఒక్కరితోనే ఎట్లుంటదో తెల్వది."

"అవును, నాకూ అట్లనే అనిపిస్తుంది," అన్నాను.

ఆ మాట ముందుగా ఆయన నోటి నుంచి వచ్చినందుకు నాకు ఊరటగా ఉంది. నా కారణం వేరు. ఆ గదిలో ఉన్నంతసేపూ పిల్ల ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. మేమిచ్చిన చాక్లెట్ విప్పాలన్నా పెద్దపిల్ల ముఖం చూసింది. ఆ అమ్మాయి నా ఇంట్లో ఉంటే నేను ఎప్పటికీ రెండో మనిషినే. అన్నేళ్ళు ఎదురుచూసింది రెండో మనిషిగా ఉండటానికా అనుకున్నాను. ఒక పదేళ్ళ పిల్లను చూసి అసూయపడ్డానని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

బయల్దేరే రోజు పెద్దపిల్లను త్వరగా బడికి పంపించెయ్యమని వార్డెన్‌ను అడిగిందీ నేనే. ఏడుపులు లేకుండా ఉంటుందన్నాను. ఆవిడ తలూపింది. కానీ పిల్ల కారెక్కలేదు. గేటు ఊచ పట్టుకుని నిలబడింది. మా ఆయన లోపల సంతకాలు పెడుతున్నారు. నేను వంగి, "అక్క బడికి పోయింది. వెనక విమానంల వస్తది. మనం ముందుగాల పోయి ఇల్లు సర్దుదాం," అన్నాను.

వెంటనే ఎక్కేసింది. దారిలో ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. విమానంలో ఇచ్చిన బన్ను సగం తిని, మిగతా సగం కాగితం రుమాల్లో చుట్టి స్వెటర్ లోపల దాచుకుంది.

విమానాశ్రయంలో మమ్మల్ని చూసి యూనిఫాంలో ఉన్న ఒకావిడ దగ్గరికొచ్చింది. పిల్ల కదలనంటోంది, మేము బతిమాలుతున్నాం. అనుమానం రావడంలో తప్పు లేదు. పాస్‌పోర్టులు, కోర్టు కాగితాలు అన్నీ చూసింది. మోకాళ్ళమీద కూర్చుని పిల్లను ఏదో అడిగింది. పిల్లకు ఆ భాష రాదు. "అలసిపోయింది," అని మా ఆయన చెప్పారు. ఆవిడ కాగితాలు తిరిగిచ్చేసి వెళ్ళింది. ఆ తర్వాత ఆయన పిల్లను ఎత్తుకున్నారు. అరవలేదు, తన్నలేదు. పక్కనున్న ఇనప కడ్డీ మాత్రం పట్టుకుంది. నేను ఒక్కో వేలూ విడదీశాను.

ఇంటి దగ్గర నాలుగు తెలుగు కుటుంబాలు హారతి పళ్ళెంతో ఎదురుచూస్తున్నాయి. బెలూన్లు కట్టారు, పులిహోర చేశారు. పిల్ల హారతి అయ్యేదాకా నిలబడి, తర్వాత వెళ్ళి వీధి తలుపు దగ్గర చెప్పుల మధ్య కూర్చుంది. వంటింట్లో ఒకావిడ గొంతు తగ్గించి, "ఏ కులమో ఏమన్నా తెలిసిందా? మనవాళ్ళేనా?" అని అడిగింది.

"పేపర్లలో అవి ఉండవు," అన్నాను. అలా అడగటం తప్పని అనలేదు. ఆమె ప్లేట్లో ఇంకో గరిటె పులిహోర వేశాను.

వచ్చినవాళ్ళ పిల్లలు తన చుట్టూ చేరారు. తను "ఏటి?" అన్నప్పుడల్లా నవ్వారు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనిపించారు. పెద్దవాళ్ళూ నవ్వారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న డాక్టరమ్మ ఒక్కావిడే నవ్వలేదు. వెళ్ళేముందు నన్ను ఆపింది. "ఎవరి కోసం చూస్తోందమ్మా ఈ పిల్ల?"

"అలవాటైపోతుంది ఆంటీ," అన్నాను.

ఆ చలికాలమంతా బెల్ మోగితే చాలు పరుగెత్తేది. పక్కింటివాళ్ళు లేకపోతే వాళ్ళ పార్శిళ్ళు మా ఇంట్లో ఇచ్చిపోయేవాళ్ళు. డబ్బా పట్టుకున్న మనిషి వెనక్కి తొంగి చూసి తిరిగొచ్చేది. కిటాలో, అంటే ఇక్కడి శిశువిహారంలో, టీచర్ ఒకరోజు నన్ను ఆపి, "సాయంత్రం తీసుకెళ్ళడానికి వాళ్ళక్క వస్తుందంటోంది. పేరు మా జాబితాలో లేదు, చేర్చాలా?" అని అడిగింది. తర్వాత చెబుతానన్నాను.

ఫిబ్రవరిలో రెండు రోజులు పిల్ల ఎడమచేత్తో చెవి మూసుకుని తిరిగింది. నా మాట వినడం ఇష్టం లేక అలా చేస్తోందనుకున్నాను. "చెయ్యి తీయ్," అని గదిమాను కూడా. మూడో రోజు పొద్దున దిండు మీద చీము మరక. కర్ణభేరికి చిల్లు పడిందని ఆస్పత్రిలో డాక్టర్ చెప్పింది. "ఇంత నొప్పికి పిల్ల ఏడ్చి ఉండాలే," అంది. ఏడవలేదన్నాను. అలా చెబుతుండగా ఫోన్‌లో రాసుకున్నది గుర్తొచ్చింది. ఆమె ముందే ఫోన్ తీసి చూశాను. పాలు, పెరుగు, చెవి, అన్నీ వరసగా ఉన్నాయి.

ట్రామ్‌లో ఇంటికి వస్తూ చెప్పేశాను. "అక్క రాదు బిడ్డా."

"రేపా?"

"ఎప్పుడూ రాదు."

చెవికి దూది పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. ఏడవలేదు. మా స్టాప్ రాగానే నా చెయ్యి పట్టుకోకుండా దిగింది. ఆ తర్వాత నేను తెలుగులో ఏం అడిగినా తనకొచ్చిన రెండు మూడు జర్మన్ ముక్కల్లోనే జవాబిచ్చేది. ఏడాది తిరిగేసరికి తెలుగు పూర్తిగా పోయింది. జర్మన్ ఎంత బాగా పట్టేసిందో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

రెండో దరఖాస్తు మేము పెట్టలేదు. ఇల్లు మారాక చూద్దాం అనుకున్నాం, మారాం. పర్మనెంట్ వీసా వచ్చాక అనుకున్నాం, వచ్చింది. ఆశ్రమానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. పెద్దపిల్ల క్షేమమని మొదటి జవాబు. పెద్దపిల్లల హాస్టల్‌కు మార్చామని రెండోది. మూడో ఉత్తరం నేను రాయలేదు.

పద్నాలుగో ఏట ఒక మధ్యాహ్నం, బడి నుంచి వచ్చి, మా అమ్మాయి జర్మన్‌లో అడిగింది. "నాకు నిజంగా అక్క లేదా? లేకపోతే నాకు జడలు వేసే ఒక అమ్మాయి ఎందుకు గుర్తుంది?"

అన్నీ చెప్పాను. వార్డెన్ అడిగిన మాట, లాడ్జిలో మేము అనుకున్న మాట, కారు దగ్గర నేను చెప్పిన మాట. అసూయ సంగతి మాత్రం చెప్పలేదు. చివరిదాకా విని, "అబద్ధం చెప్పావు," అంది. కోపంగా అనలేదు, లెక్కలో తప్పు చూపించినట్టు అంది. తర్వాత, "తన పేరేంటి?" అని అడిగింది. చెప్పాను. నాచేత రెండుసార్లు పలికించుకుంది.

మా ఆయన రిటైరైన వార్డెన్‌ను పట్టుకుని, ఆవిడ ద్వారా ఫోన్ నంబరు సంపాదించారు. పెద్దపిల్లకు ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. సముద్రం పక్కన రొయ్యల కంపెనీలో పని. ఒక ఆదివారం పొద్దున వీడియోలో కలిశారు. ఇద్దరికీ కలిసిన భాష లేదు. మధ్యలో నేను కూర్చోవాల్సి వచ్చింది.

"సెవి ఎలాగుందో అడగండి మేడం," అంది పెద్దపిల్ల ముందుగా.

అడిగాను. ఎడమ చెవి సరిగ్గా వినపడదని మా అమ్మాయి చెప్పింది. అది తెలుగులో చెప్పాను.

మా అమ్మాయి అడిగింది, "నేను వెళ్ళిపోయిన రోజు నువ్వు ఎక్కడున్నావు?"

"బడి నుంచి వొచ్చేసరికి మంచం కాళీగా ఉంది. ఏటని అడిగితే, మేడమోలు మల్లీ వొచ్చి నన్నూ తీసుకెల్తారని ఆయమ్మ సెప్పింది. సంచిలో బట్టలు సర్దుకుని ఉంచుకున్నాను. తొమ్మిదో తరగతి దాకా ఉంచుకున్నాను. తరవాత ఆ బట్టలు సరిపోలేదు."

ఇది జర్మన్‌లో చెప్పాలి. కొంచెం మెత్తగా మార్చి చెప్పొచ్చని ఒక్క క్షణం అనిపించింది. మా అమ్మాయి నా నోటి వంకే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. చెబుతుంటే క్రియాపదాలు తప్పాయి. తను సరిదిద్దలేదు.

ఇప్పుడు వాళ్ళు నా అవసరం లేకుండానే మాట్లాడుకుంటున్నారు. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ పెట్టుకున్నారు. ఆదివారం అయ్యేసరికి మా అమ్మాయి గది తలుపు వేసుకుంటుంది. లోపలి నుంచి ఒక్కోసారి నవ్వు వినిపిస్తుంది. ఆ నవ్వు నాకు కొత్త. అక్క దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంటోంది. నోటుపుస్తకం బల్లమీద కనిపిస్తే తెరిచి చూశాను. ణ తిరగేసి రాసింది.

కావాలంటే నేను నేర్పిస్తానన్నాను.

"వద్దు, థాంక్స్," అంది మర్యాదగా, పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్తూ.