మేరీ పాకం

మొన్న మనవరాలు చాక్లెట్ కాగితం విప్పగానే మాడీ మాడని పంచదార వాసన గుప్పుమంది. "క్యారమెల్, అమ్మమ్మా" అంది. నా నోట మాత్రం "మేరీ పాకం" అనే వచ్చింది. భిలాయిలో మా ఇంట్లో దాని పేరు అదే మరి.

అక్కడి సుపేలా పేటలో మేం అద్దెకున్న ఇళ్ల వరుసలో పక్కిల్లు మేరీ అత్తది, భర్తది రైల్వే ఉద్యోగం. చలికాలం వచ్చిందంటే, బొగ్గుల పొయ్యిల పొగ, ఉప్పూకారం అద్దిన జామకాయలు, మా తొక్కుడుబిళ్లాటల మధ్య, ఆవిడ పంచదారను ఎర్రగా మాడ్చి, దాని మీద గుడ్లు కొట్టిన పాలు పోసి ఆవిరికి పెట్టే పుడ్డింగు వాసన గోడ దాటి వచ్చేది. చెరకుకు లాటిన్‌లో ఉన్న పేరులోంచే క్యారమెల్ అన్న మాట పుట్టిందని వాళ్ల చర్చి ఫాదర్ గారు చెప్పారట. "సెరుకైతే మనదే కదేటి, వదినా!" అనేది మా అమ్మ.

ఒక ఏడు వాళ్లకు బదిలీ అయింది. వెళ్లే రోజు ఆ పుడ్డింగు తన చేత్తో చేసి పెట్టాలని అమ్మ పంతం పట్టింది. చూస్తే రేషను పంచదార ఒక్క గ్లాసే మిగిలింది. అరిసెలకూ లడ్డూలకూ పాకం పట్టిన చెయ్యి కదా, రంగు మారుతుంటే మాడిపోతుందేమోనని మూకుడు దించబోయింది. అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చాడు నాన్న, కాఫీ అయినా కాచుకోవడం రాని మహానుభావుడు.

"దించకు! రంగు సూసి ఉక్కు దించినోణ్ణి, పంచదార నాకో లెక్కా?" అంటూ, కొలిమిలోకి చూసే నీలం అద్దం జేబులోంచి తీసి, దాంతో మూకుట్లోకి తొంగిచూశాడు. నీలం అద్దంలో ఎరుపేం తెలుస్తుంది, నలుపేం తెలుస్తుంది? అద్దం తీసేసరికి పొగ.

"నీ అద్దం మంటెట్టా!" అని అమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది. చేసేది లేక ఆ నల్లటి పాకం మీదే పాలు పోసి ఉడికించింది.

దుర్గ్ స్టేషన్లో గిన్నె అందిస్తూ, "మాడిపోనాది వదినా, తినకు" అంది. మేరీ అత్త ఒక చెంచా నోట పెట్టి కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత తన పిల్లలు చెయ్యి చాపినా ఇవ్వకుండా గిన్నె ఊడ్చేసింది. "నాకోసం ఇంత కట్టపడ్డావేటే, పిచ్చిమొకమా!" అని నవ్వుతూ ఏడుస్తూ, కదులుతున్న రైలు కిటికీలోంచి ఖాళీ గిన్నె ఇచ్చేసింది.

మేరీ అత్త దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చి ఆగిపోయాయి. అమ్మా లేదు, నాన్నా లేడు, ఆ ఇళ్లు పడగొట్టి దుకాణాలు కట్టారు. మేరీ అత్త ఎక్కడుందో, అసలుందో లేదో. తలచుకుంటే బెంగగా ఉంటుంది. ఆ రోజు మాలో ఒక్కరికీ చెంచాడైనా మిగల్చలేదు కనుక, అదెంత చేదో నాకు ఈనాటికీ తెలియదు.