పెద్దమ్మ కత్తిపీటకు బంగారు పూత

ఇప్పుడు నేను చెప్పబోయేదాంట్లో ప్రతి అక్షరం నిజం. తార్నాక చౌరస్తాలో నిలబెట్టి, నెత్తిన నీళ్ళకుండ పెట్టి అడిగినా ఇదే చెబుతాను. (నా సంగతి తెలిసినవాళ్ళు ఈపాటికే నవ్వుతుంటారు, నవ్వనివ్వండి.) ఆ రోజుల్లో మా యూనివర్సిటీ ల్యాబ్‌లో రీసెర్చ్ చేసేవాళ్ళకి ఒక జబ్బుండేది. ఏ ఇనుప వస్తువు కంటపడినా, దీనికి పూత వేస్తే ఏమవుతుందా అని చేతులు దురద పెట్టేవి. గాలి తోడేసిన చాంబర్‌లో డ్రిల్ బిట్లు వేలాడదీసి, బాగా వేడిచేసి, వెంట్రుక కంటే ఎంతో పల్చని గట్టి పొర ఎక్కించడం మా పని. అది ఎక్కిందా, పనిముట్టు బంగారంలా మెరుస్తుంది, రాపిడి తగ్గుతుంది, మిషను తక్కువ కరెంటు తాగుతుంది.

నేనుండేది తార్నాకలో మా పెద్దమ్మ ఇంట్లో. పెదనాన్న ఉద్యోగం వల్ల కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినా, ఆవకాయ ముక్కల్ని మార్కెట్లో కొట్టించడానికి ఆమె ప్రాణం ఒప్పేది కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కత్తిపీట మీద, టెంకతో సహా, తనే కోసుకోవాలి. ఆ ఎండాకాలం మణికట్టు నొప్పి పట్టుకుంది. మామిడికాయల గంప ముందు కూర్చుని, "ఈ తూరి ఊరగాయ పెట్టేది నాతో అయ్యేట్టు లేదు నాయనా," అంది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. నేను ఊరుకుంటానా? "మిషన్లకు కరెంటు మిగిల్చేవాణ్ణి, నీ చేతికి బలం మిగల్చలేనా పెద్దమ్మా? కత్తిని నాకియ్యి. కాయ మీద పెడితే చాలు, దిగిపోతుంది," అన్నాను. "దాన్ని మీ పెదనాన్ననే ముట్టనీలేదు గదరా," అని చాలాసేపు గొణిగి, చివరికి పీట నుంచి కత్తి ఊడదీసి ఇచ్చింది.

మా చాంబర్‌కు కాపలా పంపన్న. నాకంటే సీనియర్ స్కాలర్, పగలంతా వాక్యూమ్ పంపుకు చెవి ఆనించి ఉంటాడు కాబట్టి ఆ పేరు. కత్తిని అటూ ఇటూ తిప్పి, "ఏందిర గిది?" అన్నాడు.

"కంపెనీవాళ్ళ కట్టర్ అన్నా."

"కట్టర్‌కు కొబ్బరి తురిమే పండ్లు గూడ ఉన్నయేంది? ఏం కంపెనీర, చట్నీల కంపెనీయా?"

పంపు ఎంత లాగినా గాలి ఓ పట్టాన పోలేదు. ఎంత తోమితే మాత్రం, ఇన్నేళ్ళ చింతపండూ మామిడికాయలూ అంత తేలిగ్గా వదులుతాయా! కారిడార్ పొడుగునా ఊరగాయ వాసన కొట్టి, పక్క ల్యాబ్‌వాళ్ళు ఎవరు క్యారేజీ విప్పారా అని బయటికొచ్చారు. "పంపు మొత్తుకుంటున్నదిర బై," అని పంపన్న తల పట్టుకున్నాడు. అయితేనేం, సాయంత్రం చాంబర్ తెరిస్తే లోపల దేవుడి కిరీటంలా ధగధగలాడుతూ కత్తి!

పెద్దమ్మ దానికి బొట్టుపెట్టి, పీటకు బిగించి, మొదటి కాయ ఆనించి నొక్కింది. కాయ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. ఈసారి కత్తే మేక చెవిలా పక్కకి వాలిపోయింది. బంగారమంతా పొరలు పొరలుగా రాలి ఒళ్ళో పడింది. "ఒరేయ్, ఇనుమును బంగారం చేస్తానని పోయి వెన్నపూస చేసుకోనొస్తివి గదరా!" అని ఆమె ఎత్తుకున్న గొంతు హబ్సిగూడ దాకా వినిపించింది.

మర్నాడు పంపన్న ముందు తలొంచుకుని నిజం చెప్పాను. "ఎంత వేడి వెట్టినవ్?" అన్నాడు. డ్రిల్లులకు పెట్టేంతే అన్నాను. "డ్రిల్లు ఉక్కు ఆ వేడికి ఓర్చుకుంటదిర. పాత కమ్మరి కత్తి ఓర్చుకుంటదా? మెత్తవడ్డది. కింద మెత్తగుంటే పైన ఎంత గట్టి పూత వేస్తే ఏం ఫాయిదా? ముందు ఒళ్ళు గట్టిగుండాలె, గప్పుడు చొక్కా!" అని తిడుతూనే ఫర్నేసులో దాన్ని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ కొంచెం వేడి చూపించి, సానపట్టి ఇచ్చాడు. కత్తి నల్లగా, పాతదానిలాగే, పదునుగా ఇంటికి చేరింది.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. కత్తి మేక చెవిలా వాలడం, పెద్దమ్మ తిట్టడం నా కల్పన. కత్తి వాలలేదు, మొద్దుబారిందంతే. ఆమె మొదటి కాయ కోసి, "అబ్బ, ఎంత సులువుగా తెగుతాండాదిరా!" అంది. నేను పొంగిపోయి వరండాలో పేపరు తిరగేస్తూ కూర్చున్నాను. తర్వాత మంచినీళ్ళకని లోపలికెళితే, రెండు చేతులతో బరువంతా వేసి కాయను నొక్కుతూ కనిపించింది. నన్ను చూసి ఎర్రగా కందిన అరచేతిని కొంగు చాటుకు లాక్కుంది. ఆమెను లేపి నేను పీట మీద కూర్చున్నాను. గంపలో మిగిలిన కాయలన్నీ ఆ మొద్దు కత్తితోనే కోశాను. ఒక్క ముక్కకీ సరైన ఆకారం లేదు. ఆ ఏడు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ పెద్దమ్మ, "మావోడు కోసినవి," అని చెప్పి మరీ వడ్డించింది. ఆమె తిట్టని తిట్లు ఇన్నేళ్ళుగా నేనే కల్పించి చెప్పుకుంటున్నాను. ఏటేటా కాస్త మెరుగు కూడా పెడుతున్నాను.