నలభై ఒకటో ఏట ఫస్ట్ ఇయర్

పదిహేడేళ్లు నేను తునిలో ఒక డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు తయారుచేశాను. డాక్టర్లు పేషెంటు నోటి అచ్చు పంపేవారు. దాన్ని బట్టి పళ్లు కట్టి పంపేవాణ్ణి. వాటిని పెట్టుకున్న మొహాలు ఎలా ఉంటాయో చూసింది లేదు. ఒక్కసారి మాత్రం సెట్టు సరిపోలేదని డాక్టరుగారు క్లినిక్‌కి పిలిపించారు. సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ముసలావిడ, చేపలమ్ముకునే మనిషి, ఆ పళ్లు అరచేతిలో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది.

“ఇయ్యి నాయి కావు బాబూ. ఎవరియో తెచ్చి నా నోట్లో ఎట్టేసినట్టుంది,” అంది.

ఎక్కడ ఒరుసుకుంటోందో చూద్దామని ముందుకు వంగాను. డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. “నువ్వు ల్యాబ్ వరకేనయ్యా,” అన్నారు. తప్పేమీ అనలేదు. ఉన్నమాటే అన్నారు. అయినా అది నన్ను రెండేళ్లు వదల్లేదు.

డెంటల్ డాక్టరు చదువు ఎంట్రన్సుకి వయసు పరిమితి తీసేశారని తెలిశాక ఇంటర్ పుస్తకాలు మళ్లీ కొన్నాను. రెండోసారి రాస్తే రాజమండ్రి దగ్గర ఒక డెంటల్ కాలేజీలో సీటొచ్చింది. అప్పటికి నాకు నలభై ఒకటి. అమ్మాయి ఎనిమిదో తరగతి. మా ఆవిడ ఫ్యాన్సీ షాపు నడుపుతుంది.

“వెళ్లండి. ఇప్పుడు మానేస్తే జన్మంతా నా మీద విసుక్కుంటారు,” అంది.

మొదటి రోజు క్లాసులో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడి “గుడ్ మార్నింగ్ సార్” అన్నారు. నేను వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ పుస్తకాల్లోకి తలలు దించేసుకున్నారు. నవ్వే నయమనిపించింది. ఆ రోజు నుంచీ నేను వాళ్లకి సార్‌నే. సీనియర్లు కొత్తవాళ్లను ఆపి పాటలు పాడించేవారు. నన్ను చూస్తే మాత్రం “మీరు వెళ్లండి సార్” అని పక్కకి తప్పుకునేవారు. నన్నూ ఆపి ఒక పాట పాడించుకోండి బాబూ అని అడగాలనిపించేది.

మైనం దిమ్మను పన్నులా చెక్కే ప్రాక్టికల్స్ వచ్చాయి. నా చేతికి అది కొత్త పని కాదు. పరీక్షకి ముందు వారం రోజులూ నా గది నిండా పిల్లలే. మంచం మీద కూర్చుని బజ్జీలు తింటూ, “సార్, ఈ వంపు ఎలా తేవాలండీ?” అని అడిగేవారు. నేలంతా మైనం పొట్టు. పరీక్ష అయిన మర్నాడు, ఎవరైనా వస్తారేమోనని టీ కాస్త ఎక్కువే పెట్టాను. ఎవరూ రాలేదు. రావలసిన పనేముంది?

సెకండియర్ పరీక్షలయ్యాక తుని వెళ్లాను. భోజనాల దగ్గర అమ్మాయి ఎడమవైపే నములుతోంది. ఏంటమ్మా అని అడిగితే వాళ్లమ్మ చెప్పింది. కుడివైపు దవడ పన్ను పుచ్చిపోతే పది రోజుల కిందట తీయించేశారట.

“నాకు చెప్పలేదేంటి?”

“మీకు పరీక్షలు కదండీ. చెప్తే రైలెక్కి వచ్చేస్తారని.”

“పెద్ద నొప్పేం లేదులే నాన్నా,” అంది అమ్మాయి, నన్నే ఊరడిస్తున్నట్టు.

నోరు తెరవమని అడగబోయి మానేశాను. నేను లేకుండా రోజులు గడుపుకోవడం ఆ ఇంటికి అలవాటైపోయింది. అలా గడవాలనే కదా ధైర్యం చెప్పి వెళ్లాను. అయినా ఆ పూట అన్నం సహించలేదు.

ఇప్పుడు ఫైనలియర్. జుట్టు నెరవడం వల్ల పేషెంట్లు నన్నే పెద్ద డాక్టరనుకుంటారు. కాదని చెప్తాను. మొన్న శనివారం పోలవరం వైపు నుంచి ఒక పెద్దాయన పళ్లు కట్టించుకోడానికి వచ్చాడు. అచ్చు తియ్యడానికి ముద్ద కలుపుతుంటే, “పిల్లలెంతమందండీ?” అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆ కాలేజీలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి.

ముద్ద నింపిన ట్రే నోట్లో పెట్టి, అది గట్టిపడేదాకా పట్టుకుని నిలబడాలి. ఆ కాసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మాయి ఇంటర్‌కొచ్చిందని, వాళ్లమ్మ కంటే పొడుగైందని, ఫోన్లో రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుందని. ఆయన నోరు కదపలేక నా మొహంలోకే చూస్తూ విన్నాడు.

ట్రే తీశాక పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

“రేపు ఆదివారమే కదండీ. ఇంటికెళ్లి రండి,” అన్నాడు.

సోమవారం ప్రాక్టికల్ ఉంది. చదవాల్సింది చాలా మిగిలింది. అయినా ఆ సాయంత్రం తుని బండెక్కాను.